గైడుతో వాన్ గో మ్యూజియం

ప్రశ్న: ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నాం. చిత్రకారుడు వాన్ గో బొమ్మలుండే మ్యూజియంలో గైడు అవసరమా?

జవాబు: చూసినంత మాత్రాన తెలియని సంగతులు అక్కడ చాలా ఉన్నాయండీ, పెట్టుకోండి. ముందు టికెట్: ఆన్‌లైన్‌లోనే, ప్రవేశ సమయం ఎంచుకుని కొనాలి. గైడు రుసుములో ప్రవేశ టికెట్ కలిసి ఉందో లేదో చూసుకోండి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

1885 నాటి ‘బంగాళాదుంపలు తినేవాళ్లు’ చిత్రంతో మొదలుపెట్టమనండి. ఆ మట్టిరంగుల తర్వాత ‘పొద్దుతిరుగుడు పూలు’ చూస్తే మార్పు తెలుస్తుంది. ‘పడకగది’ దగ్గర గోడల రంగు గురించి తప్పక అడగండి. వాన్ గో వేసింది ఊదా; ఎరుపు వర్ణకం వెలిసిపోయి నీలమే మిగిలింది. కాగితంపై గీసినవి వెలుతురుకు పాడవుతాయి కాబట్టి వాటిని అప్పుడప్పుడు మాత్రమే ప్రదర్శనలో పెడతారు.

‘నక్షత్రాల రాత్రి’ కోసం మాత్రం వెతక్కండి, అది న్యూయార్క్‌లో ఉంది.