కుట్టిన టెండన్ అంటుకుపోకుండా జన్యు చికిత్స ఆపగలదా?

ప్రశ్న: నాలుగు నెలల క్రితం గాజు పెంకు కోసుకుని మా తమ్ముడి ఉంగరపు వేలిని వంచే టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల వంటివి) తెగిపోతే, శస్త్రచికిత్స చేసి కుట్టారు. కుట్టు గట్టిగానే ఉందని, అయితే లోపల అతుకులు ఏర్పడినందువల్ల వేలు పూర్తిగా ముడుచుకోవడం లేదని డాక్టర్లు అంటున్నారు. అతుకులు రాకుండా జన్యు చికిత్స ఉందని చదివాను. అది అతనికి పనికివస్తుందా?

జవాబు: ఇప్పుడు మీ తమ్ముడికి అది పనికిరాదు. ఈ పరిశోధనలు ప్రధానంగా కోళ్లు, ఎలుకల వంటి జంతువుల మీద జరుగుతున్నాయి. పైగా వాటి ఉద్దేశం కుట్టే సమయంలోనే అతుకులను నివారించడం తప్ప, ఏర్పడినవాటిని కరిగించడం కాదు.

వేలిని వంచే టెండన్లు ఎముకను ఆనుకుని ఉన్న ఇరుకైన ఒరలో జారుతూ కదులుతాయి. అరచేతి పైభాగం నుంచి వేలి మధ్య వరకు రెండు టెండన్లు ఒకే ఒరలో ఇమిడి ఉంటాయి గనుక, అక్కడ తెగినవాటిని వెంటనే కుట్టడానికి ఒకప్పుడు శస్త్రచికిత్స నిపుణులు సాహసించేవారు కాదు. గాయం మానేటప్పుడు టీజీఎఫ్-బీటా-1 అనే ప్రోటీన్ సంకేతం అందుకుని కణాలు కొల్లాజెన్‌ అనే పోగుల్లాంటి ప్రోటీన్‌ను విరివిగా తయారు చేస్తాయి. ఆ కొల్లాజెన్ తెగిన కొసల మధ్య చేరితే టెండన్‌కు బలం వస్తుంది. టెండన్‌కూ ఒరకూ మధ్య చేరితే అదే అతుకవుతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ ప్రోటీన్ తయారీని అణచే సూక్ష్మ ఆర్ఎన్ఏను కణాలలోకి పంపినప్పుడు జంతువులలో అతుకులు తగ్గాయి, కానీ కొన్ని ప్రయోగాలలో మానిన టెండన్ బలం కూడా తగ్గింది. వేలు చక్కగా జారుతూ, ఒకనాడు పుటుక్కున తెగిపోతే రోగికి ఒరిగేదేమీ లేదు. అందుకే కొందరు ఏఏవీ అనే వైరస్‌ను వాహకంగా చేసుకుని, కణాల పెరుగుదలకు తోడ్పడే బీఎఫ్‌జీఎఫ్ జన్యువును కోళ్ల టెండన్లలోకి పంపి, అతుకులు పెరగకుండానే బలం పెంచగలిగారు. నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది ఈ దారే. అయినా, మానడానికి కావలసిన కొద్ది వారాలు పనిచేసి తర్వాత ఆగిపోయే చికిత్స కావాలి. ప్రాణాపాయం లేని చేతి గాయానికి వైరస్ వాహకాన్ని వాడాలంటే భద్రత విషయంలో రాజీ పడకూడదు.

ఇక మీ తమ్ముడి సంగతి. రెండో చేత్తో వంచితే వేలు బాగా వంగి, తనంతట తాను వంచబోతే వంగకపోవడం అతుకులకు ముఖ్యమైన గుర్తు. చేతి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామాలు మానకుండా చేయించండి. కొన్ని నెలలు చేసినా కదలిక మెరుగుపడడం ఆగిపోతే, చర్మం మెత్తబడి, కీళ్లు బిగుసుకోకుండా ఉన్నప్పుడు, అతుకులను విడదీసే టెనోలిసిస్ అనే శస్త్రచికిత్స గురించి చేతి శస్త్రచికిత్స నిపుణులతో మాట్లాడండి. అందులో టెండన్ తెగే ప్రమాదం కొంత ఉంటుంది. ఆ తర్వాత నొప్పి ఉన్నా దాదాపు వెంటనే వేలు కదపడం మొదలుపెట్టాలి, లేకపోతే అతుకులు మళ్లీ ఏర్పడతాయి. కాబట్టి అందుకు అతను సిద్ధంగా ఉన్నాడో లేదో ముందే అడిగి తెలుసుకోండి.