టొరంటో చలికి దిగులు పడిన చెల్లికి మొక్కలు, గ్లాస్‌హౌస్‌లు నిజంగా పనికొస్తాయా?

మీ చెల్లెలు కర్నూలు నుంచి టొరంటో వెళ్ళాక ఇదే మొదటి చలికాలం అన్నారు. డిసెంబరు వచ్చినప్పటి నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా పడుకునే ఉంటోందని, మాటలు తగ్గించేసిందని, ఎవరో మొక్కలు పెంచుకోమన్నారని, దానివల్ల ఏమైనా లాభం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది తమ్ముడూ. మా ఆయన ఉద్యోగం వల్ల కొన్నేళ్ళు మేమూ అక్కడే ఉండి, ఇప్పుడు తిరిగి కర్నూలు వచ్చేశాం. నాకు పనికొచ్చింది కాబట్టే ఇంత రాస్తున్నా.

ముందుగా, ఆ పాప బద్ధకస్తురాలైందని ఇంట్లో ఎవరూ అనకండి. మన కర్నూల్లో ఏడాదిలో అన్నిటికన్నా చిన్న పగలు కూడా 11 గంటలు ఉంటుంది. టొరంటోలో డిసెంబరు 21 ప్రాంతంలో 9 గంటలు కూడా ఉండదు. సాయంత్రం ఐదు కాకముందే పొద్దుగూకుతుంది. ఉదయం మసకలో కాలేజీకి వెళ్ళి, చీకట్లో గదికి రావడమే. ఇలా వెలుతురు తగ్గినప్పుడు కొందరికి నిద్ర ఎక్కువవుతుంది, అన్నం, స్వీట్ల మీదికి మనసు పోతుంది, దేనిమీదా ఆసక్తి ఉండదు. నార్మన్ రోజెంతాల్ అనే సైకియాట్రిస్టు, ఆయన తోటి పరిశోధకులు 1984లో దీన్ని సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్, అంటే కాలాన్ని బట్టి వచ్చే దిగులు జబ్బు, అని వివరించారు. అంటే ఇది ఒట్టి ఇంటి బెంగ కాకపోవచ్చు.

నేనైతే కుండీల కంటే ముందు, అద్దాల కప్పు కింద మొక్కలు వెచ్చగా పెంచే గ్లాస్‌హౌస్‌కే పంపమంటాను. టొరంటో నడిబొడ్డున అలన్ గార్డెన్స్ ఉంది. అక్కడి పామ్ హౌస్ అనే అద్దాల మందిరం 1910లో కట్టింది. టికెట్ లేదు. తలుపు తీసుకుని లోపల అడుగు పెట్టగానే కళ్ళద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనబడదు, తడి మట్టి వాసన మాత్రం ముందే తగులుతుంది. మన ఊళ్ళో తొలకరి వాన పడినప్పటి వాసనే. జాకెట్ విప్పి చేతిమీద వేసుకుని అరటి చెట్ల కింద నిలబడితే, బయట మైనస్‌లో ఉందన్న సంగతే గుర్తుకు రాదు.

నాకు బాగా నచ్చింది ఎడారి మొక్కల గది. అనంతపురం వైపు పొలం గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనార, మనం పట్టించుకోకుండా దాటిపోయే నాగజెముడు, కలబంద, వీటన్నిటికీ అక్కడ పేరు పలకలు పెట్టి ఎంతో మర్యాదగా పెంచుతారు. కిత్తనార ఆకును దగ్గరగా చూడమనండి. మొగ్గలో ఒకదాన్నొకటి హత్తుకుని ఉన్నప్పుడు పక్క ఆకు ముళ్ళు నొక్కుకున్న అచ్చు దానిమీద వరుసగా కనబడుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న మొక్కే అయినా, నేను ఆ గీతలను మొదటిసారి గమనించింది టొరంటోలోనే. వేలితో తడుముతూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఆ పూట ఇంటికొచ్చి, చాలా రోజుల తర్వాత, అమ్మకు నేనే ఫోన్ చేశాను.

ఎందుకు పనిచేస్తుందంటే, నా లెక్కలో మొక్కలది సగమే. మామూలు గదిలో దీపం వెలుగు కొన్ని వందల లక్స్ (వెలుతురు కొలత) ఉంటుంది. మబ్బు పట్టినా బయట పగటి వెలుతురు వేలల్లో ఉంటుంది. అద్దాల కప్పు కింద కొంత తగ్గినా గది కంటే ఎంతో నయం. పైగా అక్కడికి వెళ్ళాలంటే పగలే లేవాలి, స్నానం చేయాలి, నాలుగడుగులు నడవాలి, మనుషుల మధ్య నిలబడాలి. అందుకే మధ్యాహ్నం లోపే వెళ్ళమనండి. వేళలు ముందు చూసుకుని, స్నేహితురాలిని వెంటబెట్టుకుంటే మరీ మంచిది.

గదిలో పెంచడానికి మెంతులు చాలు. ఇండియన్ స్టోర్‌లో దొరికే మెంతులే ఒక రాత్రి నానబెట్టి, చిన్న ట్రేలో మట్టి పోసి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలక కనబడుతుంది. దిగులుగా ఉన్న మనిషికి త్వరగా కనబడేదే కావాలి. రెండు మూడు వారాల్లో పప్పులోకి ఆకు వస్తుంది. దక్షిణం కిటికీ ఉంటే అక్కడే పెట్టాలి, చలికాలం ఎండ అటువైపు నుంచే వస్తుంది. రాత్రిళ్ళు ఆకు చల్లటి అద్దానికి తగలకూడదు. నీళ్ళు మట్టి పైభాగం ఆరాకే పోయాలి. తులసి, కరివేపాకు మొదటి ఏడాది వద్దు. వెలుతురు చాలక ఆకు రాల్చేస్తాయి, అది చూసి పాప ఇంకా డీలా పడుతుంది. కుండీలు గదిలో గాలిని శుభ్రం చేస్తాయన్న మాట నమ్మి డబ్బు పెట్టకండి. ఆ మాటకు మూలమైన 1989 నాటి నాసా ప్రయోగం మూసేసిన పెట్టెల్లో చేసింది, మనుషులుండే గదుల్లో కాదు.

రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే, చదువు మీద దెబ్బ పడుతుంటే, యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కు తప్పకుండా వెళ్ళాలి. ఉదయం అరగంట 10,000 లక్స్ దీపం ముందు కూర్చోబెట్టే చికిత్స ఉంది, మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. కంటి జబ్బో, బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి తీవ్రంగా వచ్చే) సమస్యో ఉంటే డాక్టరును అడక్కుండా ఆ దీపం వాడకూడదు. బతకాలని లేదు అనే మాట నోట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, కెనడాలో ఇలాంటి ఆలోచనలు వచ్చేవాళ్ళకి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.

ఇక్కడి నుంచి మీరు చేయగలిగింది ఒకటుంది. మన సాయంత్రం ఆరున్నర అంటే అక్కడ ఉదయం ఎనిమిది, అప్పుడప్పుడే తెల్లవారుతుంది. రోజూ ఆ వేళకు వీడియో కాల్ చేయండి. ఎలా ఉన్నావని గుచ్చి గుచ్చి అడగొద్దు. కర్టెన్ తీసి మెంతి ట్రే చూపించమనండి, ఇంట్లో పూసిన చామంతులు మీరు చూపించండి. తన గది కిటికీ ఏ దిక్కున ఉందో కనుక్కుని చెప్తే, మెంతుల తర్వాత ఏం వేసుకోవచ్చో రాస్తాను.