టీడీఎస్ మీటరు చెప్పని ఫ్లోరైడ్, ‘కమల’ వరి, నల్లమల మీద వలయం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఊరికి ఫిల్టర్లు అమ్మేటోళ్లు వచ్చిండ్రు. బోరు నీళ్లల్ల మీటరు పెడితే 900 చూపింది, వాళ్ల ఫిల్టరు నీళ్లల్ల 60. తర్వాత రెండు గ్లాసులల్ల కరెంటు కడ్డీలు ముంచితే బోరు నీళ్లు నిమిషంల బురద లెక్క అయినయి, ఫిల్టరు నీళ్లు తెల్లగనే ఉన్నయి. ఆ బురదంతా ఫ్లోరైడేనా? (మర్రిగూడ మండలం పాఠకుడు)

జవాబు: కాదు. ఆ బురద మీ నీళ్లది కాదు, వాళ్ల కడ్డీలది. ఆ పరికరంలో ఒకటి ఇనుప కడ్డీ, ఇంకొకటి అల్యూమినియం కడ్డీ. కరెంటు పారినకొద్దీ ఇనుము కరిగి తుప్పుగా పైకి తేలుతుంది. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి తుప్పు ఎక్కువ. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు, తుప్పు రాదు. ఈసారి వస్తే వాళ్ల ‘శుద్ధమైన’ గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి కడ్డీలు మళ్లీ ముంచమనండి. అదీ బురదే అవుతుంది. కరిగి ఉన్న ఫ్లోరైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

మీటరు సంగతీ అంతే. టీడీఎస్ మీటరు నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, కరిగిన మొత్తం లవణాల లెక్క అంచనాగా చెబుతుంది. అందులో ఏ లవణం ఎంతో దానికి తెలియదు. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మొత్తం 900లో ఫ్లోరైడ్ 1 ఉందా 4 ఉందా అన్నది మీటరు అంకెలో కనిపించే తేడా కాదు. నల్గొండ లాంటి గ్రానైటు నేలల్లో ఇంకో చిక్కుంది. కాల్షియం తక్కువగా, సోడా ఎక్కువగా ఉన్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి నిలుస్తుంది. కాబట్టి సబ్బు బాగా నురగ వస్తోంది, పప్పు తొందరగా ఉడుకుతోంది అని ఆ నీళ్లను మంచివనుకోవద్దు.

చేయాల్సింది పరీక్ష. బోరు పది నిమిషాలు వదిలిపెట్టి, అదే నీళ్లతో లీటరు ప్లాస్టిక్ సీసాను మూడుసార్లు కడిగి నిండా పట్టండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. సీసా మీద ఊరు, బోరు, తేదీ రాసి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఇచ్చి, రిపోర్టులో ఫ్లోరైడ్ వరుస చూడండి. ఫిల్టరు పెట్టుకున్నాక దాని నీళ్లనూ విడిగా ఒకసారి, మెంబ్రేన్ (నీటిని వడకట్టే సన్న పొర) పాతబడ్డాక ఇంకోసారి పరీక్ష చేయించాలి.

ఆర్‌ఓ మెంబ్రేన్ బాగున్నంత కాలం ఫ్లోరైడ్‌లో చాలా భాగాన్ని ఆపుతుంది. యూవీ, యూఎఫ్, బొగ్గు ఫిల్టర్లు ఆపవు. రాగి బిందె ఆపదు. కాచితే ఇంకా నష్టం, ఎందుకంటే నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది. ఆర్‌ఓలోనూ ఎక్కువమంది గమనించని చోటు ఒకటుంది: ‘రుచి కోసం’ అని మెకానిక్ తిప్పే టీడీఎస్ వాల్వు. అది పచ్చి నీళ్లను శుద్ధి చేసిన నీళ్లలో కలుపుతుంది. మీ బోరులో ఫ్లోరైడ్ 4, మెంబ్రేన్ దాటాక 0.2 అనుకోండి. నూటికి 30 పాళ్లు పచ్చి నీళ్లు కలిస్తే గ్లాసులోకి వచ్చేది 1.34. డబ్బు పెట్టి కొన్న ఫిల్టరు నుంచి మళ్లీ 1 దాటిన నీళ్లే తాగుతున్నారన్నమాట. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో ఆ వాల్వు పూర్తిగా మూసి ఉంచమనండి. లీటరు మంచి నీళ్లకు మూడు లీటర్లు బయటికి పోయే మిషనైతే, ఆ పోయే నీళ్లలో ఫ్లోరైడ్ 4 కాస్తా 5.2 దాటుతుంది. వాటితో బాత్రూం కడగండి, బర్రెలకు మాత్రం పెట్టొద్దు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ దించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో దాని పేరు ‘నల్గొండ టెక్నిక్’. జిల్లాకు ఇంతకన్నా మంచి విషయంలో పేరొస్తే బాగుండేది. ఇంట్లో చేయమని మాత్రం మేం చెప్పం. పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్ల ఫ్లోరైడ్‌తో పాటు క్షారగుణం మీద కూడా ఆధారపడుతుంది. అందాజాగా వేస్తే ఫ్లోరైడ్ మిగలొచ్చు, అల్యూమినియం కూడా మిగలొచ్చు. నల్లాకు భగీరథ నీళ్లు వస్తుంటే వాటినే తాగడానికీ వంటకూ వాడి, బోరు నీళ్లు మిగతా పనులకు పెట్టుకోండి. వంటకూ అని ఎందుకంటున్నామంటే, చాలా ఇళ్లలో తాగడానికి క్యాను కొంటారు, అన్నం మాత్రం బోరు నీళ్లతోనే వండుతారు. బియ్యం పీల్చే నీళ్లతో పాటు ఫ్లోరైడూ కడుపులోకే పోతుంది.

ప్రశ్న: ‘కమల’ వరి వేస్తే సాంబ మసూరి కంటే 19 శాతం దిగుబడి ఎక్కువట, 20 రోజులు ముందే కోతకొస్తదట. ఇది బీటీ పత్తి లాంటిదేనా? విత్తనం ఉందని ఒకాయన తిరుగుతుండు, కొనొచ్చా? (మిర్యాలగూడ దగ్గరి రైతు)

జవాబు: ముందు రెండో ప్రశ్న. బస్తాకు విత్తన ధ్రువీకరణ ట్యాగు లేకుండా, బిల్లు ఇవ్వకుండా అమ్మితే కమల అయినా ఇంకేదైనా కొనకండి.

కమల, అంటే డీఆర్‌ఆర్ ధాన్ 100, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారు చేసింది. కేంద్ర ప్రభుత్వం 2025 మే 4న ప్రకటించింది. దానితో పాటే ఎంటీయూ 1010 అనే వరి రకం నుంచి ఢిల్లీలో తీసిన పూసా డీఎస్‌టీ రైస్ 1ను కూడా ప్రకటించారు. బీటీ పత్తిలో నేలలోని ఒక బాక్టీరియా జన్యువును తెచ్చి మొక్కలో పెట్టారు. కమలలో బయటి జన్యువు లేదు. గింజల సంఖ్యను అదుపు చేసే ఒక జన్యువు సాంబ మసూరిలోనే ఉంది. కంకి తయారయ్యే చోట సైటోకైనిన్ అనే పెరుగుదల హార్మోనును విరగ్గొట్టే ఎంజైము దాన్నుంచే వస్తుంది. ఆ జన్యువును క్రిస్పర్ అనే జన్యు కత్తెర పద్ధతిలో కత్తిరించి పనిచేయకుండా చేశారు. హార్మోను నిలిచి కంకికి గింజలు పెరిగాయి. ఈ రకం జీన్ ఎడిటింగ్‌ను కేంద్రం 2022 మార్చిలో జీఎం (జన్యుమార్పిడి) పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది.

ఇక 19 శాతం. ప్రకటించిన లెక్క సగటున హెక్టారుకు 5.37 టన్నులు, సాంబ మసూరికి 4.5. ఎకరాల్లో చెబితే సుమారు 21.7 క్వింటాళ్లు, 18.2 క్వింటాళ్లు. సాగర్ ఎడమ కాలువ కింద ఇంతకంటే ఎక్కువ తీసే రైతులున్నారు. ఇది వేర్వేరు చోట్ల ప్రయోగ పొలాల సగటు, మీ మడికి ఇచ్చిన హామీ కాదు. మా దృష్టిలో మిర్యాలగూడకు దిగుబడి కంటే ఆ 20 రోజులే ముఖ్యం. 150 రోజుల పంట 130 రోజులకు దిగితే చివరి ఆయకట్టుకు ఒకటి రెండు తడుల భారం తప్పుతుంది, యాసంగి నార్లకు సమయం దొరుకుతుంది. తొందరుంటే కమల కోసమే ఆగనక్కర్లేదు, 125 రోజుల సన్నరకం తెలంగాణ సోనా ఎప్పటి నుంచో ఉంది.

ఒక జాగ్రత్త. మార్చింది ఆ ఒక్క జన్యువునే కాబట్టి సాంబ మసూరికున్న బాక్టీరియా ఎండాకు తెగులు భయం దీనికీ ఉంటుందనుకుని యూరియా మితంగానే వేయాలి.

ప్రకటన వచ్చిన మర్నాడే విత్తనం దుకాణానికి రాదు. బ్రీడర్ విత్తనం నుంచి ఫౌండేషన్, దాన్నుంచి సర్టిఫైడ్, ఒక్కో మెట్టుకు ఒక్కో పంటకాలం పడుతుంది. ట్యాగు రంగు చూస్తే ఏ మెట్టో తెలుస్తుంది: బ్రీడర్‌కు బంగారు పసుపు, ఫౌండేషన్‌కు తెలుపు, సర్టిఫైడ్‌కు నీలం. ట్యాగు, బిల్లు, ఖాళీ సంచి కోత దాకా దాచండి. పంట తేడా వస్తే ఫిర్యాదుకు అవే ఆధారం. ఇది హైబ్రిడ్ కాదు, సూటి రకం. మీ పొలంలో పండిన గింజ మళ్లీ వేస్తే అదే రకం వస్తుంది. వేసే ముందు 100 గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి మొలకలు లెక్కపెట్టండి. 80కి తగ్గితే విత్తనంగా వాడొద్దు.

ప్రశ్న: అచ్చంపేట దిక్కు అడవి మీద హెలికాప్టర్ కింద పెద్ద వలయం వేలాడదీసుకొని తిరిగింది. ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కోసమంటరు. యురేనియం కోసమని మా ఊళ్లె కొందరంటున్నరు. (అమ్రాబాద్ మండలం పాఠకురాలు)

జవాబు: ఆ సర్వే ఎస్‌ఎల్‌బీసీ, అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కోసమే. మొత్తం 43.93 కిలోమీటర్ల సొరంగంలో దోమలపెంట వైపు, మన్నెవారిపల్లి వైపు తవ్వింది పోగా మధ్యలో దాదాపు 9.5 కిలోమీటర్లు మిగిలింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సుమారు 14వ కిలోమీటరు దగ్గర పైకప్పు కూలి నీరు, బురద ముంచెత్తాయి. ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. పైన పులుల అభయారణ్యం ఉండడంతో మధ్యలో ఎక్కడా బావి దించి దారి చేసుకునే వీల్లేదు. తవ్వే యంత్రం వెనక్కి కూడా రాలేదు. అది తన వెనక కాంక్రీటు ముక్కలతో గోడ కట్టుకుంటూ పోతుంది, ఆ గోడ లోపలి కొలత యంత్రం తల కంటే చిన్నది. అందుకే మిగిలిన రాయి ఎలాంటిదో ముందుగా తెలుసుకోవడం అవసరమైంది. 2025 నవంబరులో హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలతో హెలికాప్టర్ సర్వే మొదలైంది.

ఆ వలయం ఒక తీగచుట్ట. దాంట్లో కరెంటును వదిలి ఠక్కున ఆపేస్తారు. ఆపిన క్షణంలో భూమిలోపల చిన్న చిన్న విద్యుత్ ప్రవాహాలు పుట్టి చల్లారతాయి. గట్టి పొడి గ్రానైటులో అవి వెంటనే చల్లారిపోతాయి. నీరు, బంకమట్టి నిండిన పగుళ్లలో నెమ్మదిగా చల్లారతాయి. ఆ వేగాన్ని కొలిచి నీటి పొర, పగులు ఎక్కడున్నాయో అంచనా వేస్తారు. లోతు పెరిగేకొద్దీ చూపు మసకబారుతుంది. వందల మీటర్ల కింద రెండు మూడు మీటర్ల సన్న పగులు దీనికి అందకపోవచ్చు. అందుకని లోపల తవ్వేవాళ్లు సొరంగం కొస నుంచి ముందుకు పొడవాటి రంధ్రాలు వేసి చూసుకోవడం మానకూడదు. హెలికాప్టర్ చెప్పింది కదా అని ఆ పని తగ్గిస్తే మళ్లీ ప్రమాదమే.

ఈ వలయం రేడియోధార్మికతను కొలవదు. దానికి గామా స్పెక్ట్రోమీటరు అనే వేరే పెట్టె కావాలి. అయితే ఖనిజాల అన్వేషణలోనూ ఇలాంటి వలయాలు వాడతారు గనుక మీ ఊరివాళ్ల అనుమానం ఊరికే పుట్టింది కాదు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానం చేసింది కూడా. వలయం కింద నడిచిన మనుషులకు, పశువులకు దాని అయస్కాంత క్షేత్రంతో హాని లేదు. మేకలు బెదిరేది చప్పుడుకే.

ప్రశ్న: ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించినం. ఫిబ్రవరిల కంటే మే నెలల ఎండ ఎక్కువ, యూనిట్లు మాత్రం తక్కువ. కరెంటు పోతే పట్టపగలు కూడా ఫ్యాన్ తిరగది. మోసపోయినమా? (జడ్చర్ల పాఠకుడు)

జవాబు: లేదు. ప్యానెల్‌కు కావాల్సింది వెలుగు, వేడి కాదు. దాని సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచి రాస్తారు. అంతకు మించిన ప్రతి డిగ్రీకి 0.35 శాతం దాకా ఉత్పత్తి పడిపోతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం అక్కడే పోయింది. దుమ్ము దానికి అదనం. స్లాబుకు ఆనించి బిగించి ఉంటే గాలి ఆడక ఇంకా వేడెక్కుతుంది. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడగండి. మండే అద్దం మీద చన్నీళ్లు కొడితే పగలొచ్చు. ఉప్పు తేలే బోరు నీళ్లు ఆరితే తెల్లటి పొర కడుతుంది, ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్లయితే మరీనూ. నిల్వ చేసిన వాన నీళ్లు మేలు.

మధ్యాహ్నం మాత్రమే ఉత్పత్తి ఆగి ఆగి వస్తుంటే ఇన్వర్టర్‌లో ఎర్రర్ రికార్డు చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు తగ్గి లైన్ వోల్టేజీ 253 దాటినప్పుడు ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంటుంది. అది ప్యానెల్ లోపం కాదు, విద్యుత్ శాఖ లైన్‌మన్‌కు చెప్పాల్సిన విషయం. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఆగడం మాత్రం కావాలని పెట్టిందే. లేకపోతే మీ ఇంటి కరెంటు స్తంభం మీద పనిచేసే మనిషికి తగులుతుంది. కరెంటు లేనప్పుడూ ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది.

ప్రశ్న: పిడుగు గురించి ఫోన్ల ముందే చెప్పే యాప్ నిజమేనా? మా నాయన గొర్లు కాస్తడు. (గట్టు మండలం పాఠకుడు)

జవాబు: నిజమే. పేరు ‘దామిని’, పుణెలోని ఐఐటీఎం (భారతీయ ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ)ది. చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో మెరుపుల కదలిక చూసి హెచ్చరిస్తుంది. లొకేషన్ ఆన్‌లో ఉండాలి, సిగ్నల్ ఉండాలి. గొర్లు మేసే చోట ఆ రెండోది దొరకదు కాబట్టి మీ నాయనకు లెక్క నేర్పండి. మెరుపు కనబడ్డప్పటి నుంచి ఉరుము వినబడేదాకా లెక్కపెట్టాలి. మూడు సెకన్లకు కిలోమీటరు. 30 లోపు ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది, వెంటనే పక్కా ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట బయటికి రావద్దు. తాటిచెట్టు, వేపచెట్టు కిందికి అసలు పోవద్దు. దగ్గర్లో ఇల్లే లేకుంటే పల్లంలో, చెట్లకు దూరంగా, రెండు పాదాలు దగ్గరపెట్టి గొంతుక్కూర్చోవాలి, పడుకోవద్దు. పిడుగు పడ్డ చోటి నుంచి కరెంటు నేలలో పాకుతుంది. కాళ్ల మధ్య దూరం ఎంత ఉంటే అంత దెబ్బ. ఒక్క పిడుగుకు మంద మొత్తం పడిపోవడానికి కారణం అదే, గొర్రె ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలవదు, ముట్టుకోవచ్చు. శ్వాస లేకుంటే 108కి ఫోన్ చేయించి, వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

ప్రశ్న: రాత్రి ఆకాశంల రైలు డబ్బాల లెక్క చుక్కలు వరుసగ పోయినయి. ఏంటియి? (కొల్లాపూర్ పాఠకురాలు)

జవాబు: ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఉపగ్రహాలు అయ్యుంటాయి. ఒకే రాకెట్‌లో కొన్ని పదులు పోతాయి. వదిలిన మొదటి రోజుల్లో తక్కువ ఎత్తులో, దగ్గరదగ్గరగా ఉండడంతో అలా కనిపిస్తాయి. తర్వాత ఇంకా పై ఎత్తుకు చేరి విడిపోతాయి. వాటికి సొంత దీపాలు లేవు. మనకు చీకటి పడ్డా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది, మెరిసేది ఆ ఎండే. పొద్దుగూకాక గంటన్నర లోపు గానీ, తెల్లవారుజామున గానీ చూడండి.