ఆయిల్ మార్చాక మినీ ఎక్స్‌కవేటర్ కుదుపులు: గాలి తీశారా?

హైడ్రాలిక్ ఆయిల్ మార్చిన దగ్గర్నుంచి బూమ్, ఆర్మ్, బకెట్ అన్నీ కుదుపుతోనే కదులుతున్నాయంటే తప్పు ఏ ఒక్క సిలిండర్‌దో కాదు. లోపల గాలి చేరి ఉంటుంది. పంపు విప్పే పని ఇప్పుడే పెట్టుకోకండి.

1. కాసేపు నడిపి సైట్ గ్లాస్ (హైడ్రాలిక్ ట్యాంకుకు ఉండే ఆయిల్ లెవెల్ గాజు) చూడండి. ఆయిల్ నురగగా ఉంటే గాలే.

2. ఇంజన్ ఆపి సక్షన్ హోస్ (ట్యాంకు నుంచి పంపుకు ఆయిల్ వెళ్లే పైపు) క్లాంపులు బిగించండి. అక్కడ ఆయిల్ కారకపోయినా గాలి లోపలికి పోతుంది, పొడిగా ఉందని వదిలేయొద్దు.

3. చాలామంది చేయనిది ఇదే. ఇంజన్‌ను లో ఐడిల్‌లో (అతి తక్కువ వేగంలో) పెట్టి, ఒక్కో సిలిండర్‌ను నెమ్మదిగా 4, 5 సార్లు చాపి ముడవండి. చివరిదాకా పోనివ్వకండి, 100 మి.మీ. ముందే ఆపేయండి. గాలి ఉండగా చివరికి కొడితే సీళ్లు పాడవుతాయి. ఆ తర్వాతే పూర్తి స్ట్రోక్. తర్వాత బకెట్ నేలకు ఆనించి, ఇంజన్ ఆపి, నురగ తగ్గేదాకా ఆగి లెవెల్ చూడండి. తగ్గితే పోయండి.

4. అప్పటికీ కుదుపు పోకపోతే పైలట్ ఫిల్టర్ (లీవర్ల కంట్రోల్ లైన్‌కు వెళ్లే ఆయిల్‌ను వడకట్టేది) చూడండి. మెయిన్ ఫిల్టర్ మార్చి దీన్ని మరిచిపోతుంటారు. విప్పే ముందు ప్రెషర్ తప్పకుండా వదలండి.

లీకు కోసం చేత్తో మాత్రం తడమకండి, అట్టముక్క వాడండి. ప్రెషర్‌లో ఉన్న ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.