బుజ్జమ్మకు, సంచి కొనేముందు

బుజ్జమ్మా,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, "అక్కా, అది సంక్రాంతికి వస్తోంది కానీ ఇంట్లో కూర్చోదట. స్నేహితురాళ్ళు ముగ్గుర్ని వెంటేసుకుని లంకల్లో డబ్బాలు వెతుకుతుందట" అంది. ఏం డబ్బాలో, ఎందుకు వెతకడమో దానికీ తెలీదు, నాకూ తెలీదు. నీకు చేస్తే గంటసేపు విడమరిచి చెప్పావు. ఎవరో ఓ డబ్బా దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు అందరికీ తెలిసేలా పెడతారు. మిగతావాళ్ళు జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి, వెతికి పట్టుకుని, లోపలి కాగితం మీద పేరు రాసి, డబ్బాని ఉన్నచోటే మళ్ళీ పెట్టి వస్తారు. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ చూపించే చోటులో కావాలని ఉంచిన తేడాని తీసేస్తే, మే 3వ తేదీనే ఆరెగాన్ అడవిలో ఒకాయన బకెట్టు ఒకటి దాచాడనీ, ఈ జియోకాషింగ్ ఆట అక్కడే పుట్టిందనీ నువ్వు చెబుతుంటే వింటూ కూర్చున్నాను.

ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. భయం ఒక పక్క, గర్వం ఒక పక్క. పల్లెల్లో పిల్లలకి టీకాలు వేసే ఏఎన్ఎమ్ నర్సుగా ముప్పై రెండేళ్ళు నేను చేసిందీ అదే కదమ్మా. ఏటిగట్టు దిగి, రేవు దాటి, ఫలానా చింతచెట్టు దగ్గర ఎడమకి తిరిగి, ఏ పాకలో ఏ పసిబిడ్డ ఉందో వెతుక్కుంటూ వెళ్ళడం, పుస్తకంలో పేరు రాసుకుని రావడం. మా పిల్లల్లో ఒక్కరికీ ఆ నడక పిచ్చి రాలేదు, నీకొచ్చింది. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే రెండోసారైనా చదువుతావు.

నువ్వు పంపిన మూడు సంచుల ఫొటోలూ చూశాను. ఆ నలభై అయిదు లీటర్ల కొండలెక్కే సంచి వద్దు. చోటుంటే నింపుతావు, నింపితే మొయ్యాలి, మోస్తూ కొబ్బరితోటలో బోదెలు దాటలేవు. మన దగ్గర ప్రతి తోటలోనూ పది అడుగులకొక బోదె, దాని మీద ఒంటి కొబ్బరిదుంగ. వీపు మీద బరువు అటూఇటూ ఊగిందంటే నేరుగా బోదెలోకే. ఒక భుజానికి వేలాడేసుకునే ఆ నల్ల సంచి అసలే వద్దు. ఎందుకో కింద రాస్తాను, అది కాస్త పెద్ద కథ. మూడోది, ఇరవై లీటర్లది, రెండు భుజాలదీ, నారింజ రంగుదీ, అది తీసుకో. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నారింజ రంగు నీళ్ళలో పడ్డా, రెల్లులో పడ్డా దూరానికి కనిపిస్తుంది. లోపలి అస్తరు లేత రంగుదో కాదో అడిగి చూడు. నల్ల అస్తరు ఉన్న సంచిలో సాయంత్రం పూట చెయ్యి పెట్టి తడుముకోవడం కన్నా విసుగు ఇంకోటి లేదు. జిప్పులు ప్లాస్టిక్‌వి అయితే మంచిది. అంతర్వేది వైపు, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనప జిప్పులు నాలుగు నెలల్లో పట్టేస్తాయి. ఏ జిప్పుకైనా ముందే కొవ్వొత్తి రుద్దు.

వాననీరు లోపలికి రాదని అమ్మేవాడు చెబితే నమ్మకు. వానకి ఆగేది వేరు, ఏట్లో మునిగినా ఆగేది వేరు. నోరు మూడు నాలుగు మడతలు చుట్టి బిగించే పల్చటి సంచి దొరుకుతుంది, అది లోపల వేసుకో. ఫోను, పవర్ బ్యాంకు, కాగితాలు అన్నీ అందులోకే. కొన్నరోజే కాగితం ఒకటి లోపల పెట్టి, బిగించి, బక్కెట్లో ముంచి చూడు.

ఇప్పుడు ఆ కథ.

1988 ఆగస్టు. నాకు ఉద్యోగం వచ్చి మూడేళ్ళు. అప్పుడు మీ అమ్మ కాలేజీలో చదువుతోంది. నా కోసం దళసరి కాన్వాసు గుడ్డ కొని, ఒంటి పట్టీ సంచి తనే కుట్టింది. దాని మీద ఎర్రదారంతో నా పేరు కూడా కుట్టింది. ఎంత ముచ్చటగా ఉండేదో. అయితే ఆ పట్టీ పొడుగు ఎక్కువై, వంగినప్పుడల్లా భుజం మీంచి జారేది. ఒక వారం ముందే పడవలో రిజిస్టర్లు నీళ్ళలో పడబోయి ఆగాయి. ఇంకెప్పుడూ జారకూడదని పట్టీని మెళ్ళోంచి అడ్డంగా వేసుకుని, రొమ్ము మీద రెండు ముళ్ళు వేసి బిగించాను. అదేదో గొప్ప తెలివి అనుకున్నాను.

ఆ రోజు వశిష్ఠ గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది. నావ రేవుకి ఆనుకుంది, దిగడానికి బల్ల వేశారు. బల్ల తడి. కుడిచేతిలో వ్యాక్సిన్ డబ్బా, నాలుగు ఐసు ప్యాకులతో బరువుగా ఉంది. రెండో అడుగుకే కాలు జారి నావకీ గట్టుకీ మధ్య పడ్డాను. నీళ్ళు నా రొమ్ము దాకానే తల్లీ. నిలబడితే నిలబడే లోతే. కానీ సంచి నిలబడనివ్వలేదు. దాని మూతిలోంచి నీళ్ళు దూరి తిత్తిలా ఉబ్బింది, ఏరు దాన్ని పట్టుకుని లాగడం మొదలెట్టింది. నీళ్ళలో సంచికి బరువుండదు, కానీ పారే నీరు దాన్ని పట్టుకుంటే ఎద్దు లాగినట్టు ఉంటుంది. పట్టీ మెడ కిందకి బిగిసింది. ముడి విప్పుదామంటే తడిసిన గుడ్డముడి, గోరు కూడా దిగలేదు. పైగా ఒకే చెయ్యి. రెండో చేత్తో వ్యాక్సిన్ డబ్బా పట్టుకున్నాను, దాన్ని వదలాలని బుర్రకి తోచనే లేదు.

పాలబిందె తెచ్చుకున్న ఒకావిడ గట్టు మీంచి వంగి నా జడ పట్టుకుంది. నావవాడు గడ్డి కోసే కొడవలితో పట్టీ కోశాడు. నా గొంతుకీ ఆ కొడవలికీ మధ్య రెండు వేళ్ళ సందు. నేను పైకొచ్చాను, సంచి కొట్టుకుపోయి ఇరవై అడుగుల దూరాన రెల్లులో చిక్కుకుంది.

బతికానన్న సంతోషం సాయంత్రం దాకానే. ఇంటికొచ్చి రిజిస్టర్లు విప్పితే, సిరా. ప్రతి పేజీ నీలం మడుగు. మూడు ఊళ్ళ పిల్లలు, ఆరు వారాలకి, పది వారాలకి, పద్నాలుగు వారాలకి వేసిన డీపీటీ టీకాలు, ఎవరికి ఎన్నో డోసు అయిందో ఒక్క గీత మిగల్లేదు. పదకొండు రోజులు గడపగడపకీ తిరిగి మళ్ళీ రాసుకున్నాను. తల్లులకి తేదీలు గుర్తుండవు కదా. ఒకావిడ "తాటిముంజలు వచ్చినప్పుడు" అంటుంది, ఇంకొకావిడ "మా ఆడపడుచు పెళ్ళికి ముందు" అంటుంది. ఆ గుర్తుల్ని వారాల్లోకి మార్చుకుంటూ రాశాను. ఒక పిల్లాడి విషయం మాత్రం తేలలేదు. మూడో డోసు పడిందో లేదో తల్లికీ తెలీదు, నాకూ తెలీదు. రాత లేనప్పుడు వెయ్యనట్టే లెక్క, మళ్ళీ వెయ్యాలి. ఆ పిల్లాడు తొడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. వాడి తల్లి నన్ను ఒక్క మాట అనలేదు, చల్ల తెచ్చి ఇచ్చింది. ఆ చల్ల గొంతు దిగలేదు బుజ్జమ్మా. ఆ పిల్లాడికి ఇప్పుడు బడికెళ్ళే పిల్లలు ఉండి ఉంటారు, నాకు మాత్రం వాడి ఏడుపు ఇంకా వినిపిస్తుంది.

అందుకని ఇది శ్రద్ధగా విను. నారింజ సంచికి రొమ్ము మీదా నడుము దగ్గరా బకిల్సు ఉన్నాయి. నేల మీద నడిచేటప్పుడు పెట్టుకో, బరువు ఊగదు. రేవు కనబడగానే రెండూ విప్పెయ్యి. పంటు అయినా సరే, నావ అయినా సరే. ఎక్కాక సంచి వీపు మీద ఉండకూడదు, కాళ్ళ దగ్గర ఉండాలి. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఒక్కటే ఉండాలి. జాకెట్ లేని పడవ ఎక్కకు, అవతల డబ్బా ఎంత అపురూపమైనదైనా సరే. మోకాలి లోతే కదా అని ఇసుకతిన్నె మీదికి నడిచి వెళ్ళేటప్పుడు కూడా బకిల్సు విప్పే ఉంచు. జనవరిలో ఏరు తగ్గి, దాటి రమ్మని పిలిచినట్టే ఉంటుంది. సముద్రం దగ్గరైన చోట పోటు వచ్చిందంటే, నువ్వు డబ్బా వెతికే అరగంటలో వెనక దారి మునుగుతుంది. ఏ పూట పోటో అక్కడి జాలరుల్ని అడక్కుండా దిగకు. సంచి పోతే పోనీ, ఫోను పోతే పోనీ, నాలాగా డబ్బా పట్టుకు వేలాడకు.

పెన్ను కాదు, పెన్సిలు పెట్టుకో. తడిసిన కాగితం మీద రాస్తుంది, తడిసినా చెరగదు. డబ్బాలో కాగితం నానిపోయి ఉంటే మార్చడానికి కొత్త కాగితాలు, చిన్న జిప్పు కవర్లు ఓ పది. సన్నగొట్టంలో చుట్టి కూరిన కాగితం లాగడానికి కనుబొమ్మల పట్టకారు. టార్చి, మంచినీళ్ళు, టోపీ నీకు తెలిసినవే.

నీ జాబితాలో మట్టి తవ్వే చిన్న పార ఉంది. తీసెయ్. పాతిపెట్టకూడదని మీ ఆటలోనే నియమం ఉందని నువ్వే చెప్పావు, మరి పార ఎందుకు? 1986 వరద నీకు తెలీదు. ఏటిగట్లకి గండ్లు పడిన ఆ ఆగస్టులో, గట్టు మీద ఎలకబొరియ కనిపిస్తే చాలు ఇసకబస్తా భుజానేసుకుని పరిగెత్తేవాళ్ళు మా ఊరి మగాళ్ళు. చిన్న కన్నంలోంచి ఊరిన నీరే గట్టుని తినేస్తుంది. ఏటిగట్టు మీద ఎవరైనా చిన్న పుల్లతో కెలికినా ఈ ఊళ్ళో ముసలివాళ్ళకి గుండె జారుతుంది. నువ్వు దాచే డబ్బా గట్టు మీద వద్దు, తూములో వద్దు, గుడిలో వద్దు. కోరంగి మడఅడవుల్లోనూ వద్దు, అది అభయారణ్యం. ఎవరి తోట అయితే వాళ్ళని అడిగి, వాళ్ళ ఇష్టంతో పెట్టు.

ఇంకొకటి. నలుగురు ఆడపిల్లలు ఫోన్లు చూసుకుంటూ పాత గోడల్లో చేతులు పెడితే మనవాళ్ళు ముందు అనుకునేది లంకెబిందెల కోసమని. సంచి పైజేబులోనే గుర్తింపు కార్డు ఉంచుకో. ఊళ్ళోకి వెళ్ళగానే అరుగు మీద పెద్దాయన ఎవరైనా ఉంటే ఆగి, ఆట ఏమిటో చెప్పు, డబ్బా ఫొటో చూపించు. చూస్తుండగానే పిల్లలంతా మీ వెంట వస్తారు. సంచిని మాత్రం ఎక్కడా ఒంటరిగా వదలకు.

కొబ్బరి డొక్కల పోగులో చెయ్యి పెట్టకు, ముందు కర్రతో కదిపి చూడు. రక్తపింజర ఆ రంగులోనే కలిసిపోయి పడుకుంటుంది. చీకటి పడ్డాక వెతకడాలు అసలు లేవు, కట్లపాము తిరిగేది అప్పుడే, అది కరిచినా చాలామందికి నొప్పే తెలీదు. ఒకవేళ జరగరానిది జరిగితే కొయ్యకు, పీల్చకు, తాడుతో బిగించకు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకి వదులుగా కట్టి 108కి ఫోను చెయ్యి. విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది. వెడల్పాటి క్రేప్ బ్యాండేజీలు రెండు నేనే ఇస్తాను, నీ సంచిలో అడుగున కాదు, పక్కజేబులో పెడతాను.

భయపెడుతున్నానని కోపం తెచ్చుకోకు. నువ్వు వెళ్ళొద్దని ఒక్క ముక్క కూడా రాయలేదు చూడు. వశిష్ఠ మీద తెల్లవారుజామున మంచు లేస్తుంటే పడవలో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది నువ్వు చూడాలనే నా కోరిక.

డబ్బాల్లో ఏదైనా తీసుకుంటే బదులుగా ఏదైనా పెట్టాలన్నావు కదా. ఆ తొలి బకెట్టులో బీన్స్ డబ్బా కూడా ఉండేదని నవ్వుకున్నాం గానీ, తిండివస్తువు పెట్టకూడదన్న నియమం మంచిదే. పూతరేకు పెట్టాలన్న నీ ఆలోచన మానుకో, గంటలో చీమలు, రాత్రికి ఎలకలు. నేను నరసాపురం లేసుపువ్వులు అల్లుతున్నాను, రూపాయి బిళ్ళంత. ఒక్కో పువ్వు ఒక్కో చిన్న కవరులో వేస్తే తడవదు, బరువుండదు. ఎక్కడెక్కడి వాళ్ళో తీసుకుపోతారు.

సంచి కొన్నాక అందులో నాలుగు నీళ్ళసీసాలు వేసుకుని ఒక సాయంత్రం నడిచి చూడు. భుజం ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది, మార్చుకోవడానికి రోజులుంటాయి. ఇక్కడికొచ్చాక పడవెక్కే ముందు మా పెరట్లో ఒకసారి వీపున వేసుకుని, కళ్ళు మూసుకుని రెండు బకిల్సూ ఒంటిచేత్తో విప్పి చూపించాలి నాకు. మీ స్నేహితురాళ్ళు ముగ్గురూ కూడా.

పువ్వులు ఇప్పటికి పన్నెండు అయ్యాయి. తెల్లదారం అయిపోయింది, రేపు బజారుకి వెళ్ళాలి. మీ బస్సు రావులపాలెం ఎన్నింటికి చేరుతుందో రాయి.

మీ పెద్దమ్మ