ఫ్లోట్ తోలదామనుకునే తమ్ముళ్లకు, మెల్‌బోర్న్ నుంచి

"అన్నా, పెద్ద లారీ తోలితే వారానికి బాగా వస్తాయంట కదా, నాకూ ఎక్కడన్నా చెప్పి పెట్టు" అని ఈ నెలలో నన్ను అడిగినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్ వైపు ఉండేవాళ్లే, ముగ్గురూ మాస్టర్స్ చదవడానికి వచ్చినవాళ్లే. ఒక్కొక్కరికీ ఫోన్లో గంటసేపు చెప్పే బదులు ఒకసారి రాసి పెడదామని కూర్చున్నాను.

నేను ఫ్లోట్ తోలతాను. మన దగ్గర లోబెడ్ ట్రైలర్ అంటామే, దాన్నే ఇక్కడ ఫ్లోట్ అంటారు. పొక్లెయిన్లు, డోజర్లు, రోలర్లు, గ్రేడర్లు ఒక సైటులో ఎక్కించుకుని ఇంకో సైటులో దించడం నా పని. 2009లో నేనూ చదువుకనే వచ్చాను. టాక్సీ తోలాను, కూరగాయల మార్కెట్ లారీ తోలాను, ఫ్లోట్ మీదికి వచ్చి పదేళ్లు దాటింది. మా బాబాయి చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మలు ట్రైలర్ మీద చెన్నై పోర్టుకు తోలేవాడు కాబట్టి మా ఇంట్లో ఇది కొత్త విద్య కాదు. కాకపోతే బాబాయి పక్కన ఎప్పుడూ క్లీనర్ ఉండేవాడు. ఇక్కడ ఉండడు. డ్రైవరు, క్లీనరు, కట్లు కట్టేవాడు, లెక్కలు రాసేవాడు, అన్నీ ఒక్కడే. పన్నెండు గంటల పనిలో స్టీరింగ్ పట్టుకునేది సగం ఉంటే గొప్ప. డ్రైవింగ్ అంటే ఇష్టమని ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఆర్నెల్లలో వెళ్లిపోవడం చాలాసార్లు చూశాను.

ముందు వీసా సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ దాన్ని చివర్లో అడుగుతారు. స్టూడెంట్ వీసా మీద ఉంటే కాలేజీ నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చెయ్యనిస్తారు. ఫ్లోట్ పని రోజుకు పది పన్నెండు గంటలు, అంటే నాలుగైదు రోజుల్లో నీ కోటా అయిపోతుంది. అలాంటివాణ్ణి ఏ యజమానీ పెట్టుకోడు. పెట్టుకుంటానన్నాడంటే మిగతా గంటలు చేతిలో క్యాష్ పెడతాడన్నమాట. దాని జోలికి పోకండి. ఇక్కడి లెక్కలో లారీ డ్రైవర్ పని స్కిల్ లెవల్ 4, అంటే కిందివైపు మెట్టు. పాయింట్ల మీద పీఆర్, అంటే ఇక్కడే ఉండిపోయే వీసా, వస్తుందనుకుని దీంట్లోకి దిగొద్దు. కొన్ని ప్రాంతాలకు ప్రత్యేక ఒప్పందాలున్నాయి, వాటి గురించి రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంటును అడగండి. నన్ను కాదు, టార్నీట్ పార్కులో వాకింగ్ చేసే అంకుల్‌ని అసలే కాదు.

లైసెన్స్ మెట్లు మెట్లుగా వస్తుంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో హెచ్‌ఆర్, అంటే ట్రైలర్ లేని పెద్ద లారీ లైసెన్స్, కావాలంటే కారు లైసెన్స్ వచ్చి రెండేళ్లు అయ్యుండాలి. ఫ్లోట్‌కు కావాల్సింది హెచ్‌సీ, అంటే ట్రైలర్ తగిలించిన పెద్ద లారీ లైసెన్స్. దానికి ముందు ఎంఆర్ (మధ్యరకం లారీది) గాని హెచ్‌ఆర్ గాని ఏడాది పాటు చేతిలో ఉండాలి. ఇండియాలో హెవీ లైసెన్స్ ఉన్నా ఇక్కడి పరీక్షలు తప్పవు. ఇంకొక్క మాట. పరీక్ష సులువవుతుందని ఆటోమేటిక్ లారీ మీద ఇవ్వొద్దు. ఇస్తే లైసెన్స్ మీద ఆ షరతు పడిపోతుంది, మాన్యువల్ బండి ముట్టుకోవడానికి ఉండదు. రోడ్‌రేంజర్ అనే మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న బండి మీదే నేర్చుకోండి. నేను తోలే కెన్‌వర్త్ లారీకి 18 గేర్లు, గేరు గేరుకూ క్లచ్ రెండుసార్లు తొక్కి నేర్చుకున్నాను. మొదటి వారం ఆ గేర్‌బాక్స్ చేసిన చప్పుడుకు ట్రైనర్ కళ్లు మూసుకుని కూర్చునేవాడు. అన్నట్టు ఈ కెన్‌వర్త్‌లు 1971 నుంచి మన మెల్‌బోర్న్‌లోనే, బేస్‌వాటర్‌లో తయారవుతున్నాయి.

ఇక అసలు పని.

పడమటి శివార్లంతా, టార్నీట్, ట్రుగనీనా, మెల్టన్ వైపు, పాత అగ్నిపర్వతాల లావా పరుచుకున్న నేల. పైన నల్లటి బంకమట్టి, కింద బసాల్ట్ రాయి. ఎండలో నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బి బూటును వదలదు. మొదటిసారి చూసినప్పుడు మన నల్లరేగడి చేలో నిలబడ్డట్టే అనిపించింది. రాయి పగలగొట్టాలి కాబట్టి అక్కడికి పెద్ద పొక్లెయిన్లే వస్తాయి. వాటిని దించాలన్నా ఎక్కించాలన్నా ఆ బంకమట్టితోనే యుద్ధం.

నాకు బుద్ధి వచ్చింది అలాంటి సైటులోనే. ఫ్లోట్ మీదికి వచ్చిన రెండో ఏడు, జూలై నెల, పొద్దుటి నుంచీ ముసురు. పదమూడు టన్నుల చిన్న పొక్లెయిన్. ఆపరేటర్ ఇంటికి వెళ్లిపోయాడు, సూపర్‌వైజర్ గేటు మూసేస్తానని తొందర పెడుతున్నాడు. ట్రాక్‌ల మధ్య మట్టి ఉండలు ఉండలుగా ఇరుక్కుని ఉంది. చూశాను, చూసి కూడా "పర్లేదులే" అనుకుని ఎక్కించాను. ఇనప ట్రాకు, ఇనప ర్యాంపు, మధ్యలో తడి బంకమట్టి. సబ్బు రాసినట్టే. సగం ఎక్కాక వెనక భాగం మెల్లగా, చప్పుడే లేకుండా కుడివైపు జారింది. అద్దంలో చూస్తే కుడి ట్రాకు జానెడు మేర గాల్లో ఉంది. అప్పుడు తోచింది ఒక్కటే, బూమ్ దించి బకెట్‌ను ముందు డెక్ మీద ఆనించడం. ఆనించి కదలకుండా కూర్చున్నాను. దూకబుద్ధి అయింది. దూకితే మిషన్ మీద పడుతుందని ట్రైనింగ్‌లో చెప్పిన మాట గుర్తొచ్చి బెల్టు మీద చెయ్యి వెయ్యలేదు. పక్క స్థలంలో పనిచేస్తున్న ఒక ముసలి ఆపరేటర్ వచ్చి, కింద నిలబడి చేత్తో సైగలు చేస్తూ అంగుళం అంగుళం వెనక్కి దింపించాడు. ముప్పావు గంట పట్టింది. ట్రైలర్ పక్క లైటు ఒకటి పగిలింది, అంతే. ఆయన ఏమీ తిట్టకుండా తన పార తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లాడు. అప్పటి నుంచి ట్రాక్‌ల మట్టి పారతో తీసి, ర్యాంపు తుడవందే ఎక్కించను. ఎవరు ఎంత తొందర పెట్టినా సరే.

మట్టి తియ్యడానికి ఇంకో కారణం కూడా ఉంది. యారా వ్యాలీ ద్రాక్షతోటల దగ్గర్నుంచి మిషన్ తెస్తుంటే దుమ్ము కూడా లేకుండా కడగాలి. అక్కడ ఫైలోక్సెరా అని ద్రాక్ష వేళ్లు తినే పురుగు ఉంది, మట్టి వెంట వచ్చేస్తుంది. ఆస్ట్రేలియాలో అది మొదట బయటపడింది 1877లో, ఇక్కడికి దగ్గరలోని గీలాంగ్ వైపు. ఆ ప్రాంతం నుంచి బయటికి రావాలంటే శుభ్రం చేసినట్టు కాగితం చూపించాలి. కడగడం కూడా నీ పనే. చెప్పాగా, క్లీనర్ లేడు.

ఎక్కించాక గొలుసులు. కొత్తవాళ్లు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. మిషన్ బరువుంటే అదే కూర్చుంటుందిలే అనుకుంటారు. ఇక్కడి రూలు ప్రకారం లోడు ముందుకు పోకుండా దాని బరువులో 80 శాతం, పక్కలకూ వెనక్కూ 50 శాతం, పైకి 20 శాతం బలాన్ని కట్టు తట్టుకోవాలి. ఇరవై టన్నుల పొక్లెయిన్ అయితే ముందువైపే 16 టన్నులు. ఎనిమిది మిల్లీమీటర్ల గొలుసు చూడ్డానికి ఏనుగును కట్టేలా ఉంటుంది గాని దాని లెక్క 3.8 టన్నులే. పది మిల్లీమీటర్లది 6, పదమూడుది 9. బ్రేక్ కొట్టినప్పుడు మిషన్ ముందుకు దూకకుండా ఆపేవి వెనక్కి లాగే రెండు గొలుసులే, ముందుకు లాగేవి కావు. గొలుసు వాలుగా ఉంటే కొంత బలం కోణం తినేస్తుంది, డెక్ మీద చెక్క పలకల రాపిడి కొంత తిరిగి ఇస్తుంది. నాలుగు మూలలకూ పదమూడుది కట్టి, బకెట్‌ను డెక్ మీద ఆనించి, దానికీ బూమ్‌కూ విడిగా గొలుసు వేస్తాను. పైభాగం తిరగకుండా స్లూ లాక్ వేసి, తలుపు తాళం వేసి, అప్పుడు చుట్టూ తిరుగుతాను. గొలుసు బిగించడానికి పాతవాళ్లు పొడుగు లివర్ ఉన్న డాగ్ వాడతారు. అది జారి వెనక్కి కొడితే దవడ ఎగిరిపోతుంది. స్క్రూ తిప్పి బిగించే టర్న్‌బకిలే వాడండి, నాలుగు నిమిషాలు ఎక్కువ పడితే పడనీ. బయల్దేరిన అరగంటకు ఆగి మళ్లీ చూడాలి. మిషన్ సర్దుకుంటుంది, ఏదో ఒక గొలుసు కచ్చితంగా వదులవుతుంది.

తర్వాత ఎత్తు. మామూలుగా 4.3 మీటర్లు దాటకూడదు. డెక్ ఎత్తు 90 సెంటీమీటర్లుంటే మీద మూడు మీటర్ల మిషన్, అప్పటికే 3.9. బూమ్ కాస్త ఎత్తుగా మడిచినా లెక్క మారిపోతుంది కాబట్టి ప్రతిసారీ కొలకర్రతో కొలిచి, ఆ అంకె డ్యాష్‌బోర్డ్ మీద టేపు అంటించి రాసుకుంటాను. మతిమరుపుకు మందది. సౌత్ మెల్‌బోర్న్‌లో మాంటేగ్యూ స్ట్రీట్ ట్రామ్ వంతెన ఉంది, దాని కింద ఉన్నది మూడు మీటర్లే. బోర్డులు పెట్టారు, అడ్డంగా పలకలు వేలాడదీశారు, అయినా లారీలు పోయి దాన్ని గుద్దుతూనే ఉంటాయి. వాళ్లలో చాలామంది ఫోన్లో కారు దారి చూసుకుని వచ్చినవాళ్లే అయ్యుంటారు. కారు మ్యాప్‌కు నీ మీద పొక్లెయిన్ ఉందని తెలీదు.

వెడల్పు 2.5 మీటర్లు దాటితే ఓవర్‌సైజ్. ఇరవై టన్నుల పొక్లెయిన్ ట్రాక్‌లే దాదాపు 2.8 ఉంటాయి, అంటే మా లోడ్లు సగానికి సగం ఓవర్‌సైజే. మన లారీకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టే చోట ఇక్కడ పసుపు బోర్డు కడతాం. లోడు ఇంకా పెద్దదైతే పర్మిట్ తీసుకోవాలి, దాంట్లో ఏ రోడ్డు మీద పోవాలో రాసి ఉంటుంది. ఆ దారి తప్పితే పర్మిట్ లేనట్టే లెక్క. పొరపాటున ఒక మలుపు ముందే తిరిగావా, యూటర్న్ కొట్టే ఆలోచన మానుకుని పక్కన ఆపి ఆఫీసుకు ఫోన్ చెయ్యి. రేడియోలో 40వ ఛానెల్ పెట్టుకుని ఉండు, ఎదురొచ్చే డ్రైవర్లు పోలీసుల సంగతీ చెబుతారు, జారిన గొలుసు సంగతీ చెబుతారు. పంజాబీ వాళ్లు ఎక్కువ, మనల్ని కూడా "పాజీ" అనే పిలుస్తారు. నేను సరిదిద్దడం మానేశాను.

పనిగంటల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మామూలు లెక్కలో 24 గంటల్లో 12 గంటలే పని, మిగతా దాంట్లో ఏకబిగిన ఏడు గంటలు విశ్రాంతి. అయిదుంపావు గంటలు పనిచేస్తే కనీసం పావుగంట ఆగాలి. పని అంటే బండి తోలడం ఒక్కటే అనుకునేరు. లోడు కట్టడం, డీజిల్ కొట్టించడం, టైర్లు చూడటం అన్నీ పని కిందికే వస్తాయి. యార్డు నుంచి వంద కిలోమీటర్లు దాటి పోతే వర్క్ డైరీలో రాయాలి. మొదట్లో నేను చేసిన ఒక చోట, పేరెందుకులే, "లోడు కట్టిన టైము రెస్ట్ కింద రాసేయ్, అందరూ రాస్తారు" అన్నారు. కొత్తలో రెండు వారాలు రాశాను కూడా. మూడో వారం ఫ్రీవే మీద తెల్లారుజామున నాలుగింటికి నా లేన్ ఎక్కడుందో ఒక క్షణం నాకు తెలియలేదు. ఆ శుక్రవారమే మానేశాను. ఇప్పటి చట్టంలో అలా రాయించినవాడిదీ తప్పే, ఒక్క డ్రైవర్ మీదే వేసేయడానికి లేదు.

అదే చోట నన్ను ఏబీఎన్ మీద, అంటే సొంత వ్యాపారం నంబరు మీద చేయమన్నారు. బండి వాళ్లది, డీజిల్ వాళ్లది, టైము వాళ్లు చెప్పినట్టు, నేనేమో "సొంత వ్యాపారం". చేతికొచ్చే అంకె పెద్దగా కనిపిస్తుంది గాని సూపర్ (యజమాని కట్టే రిటైర్మెంట్ పొదుపు) పోయింది, సిక్ లీవ్ పోయింది, దెబ్బ తగిలితే అడిగే దిక్కు లేదు. సూపర్ 2025 జూలై నుంచి 12 శాతం, అది వదులుకోవడమంటే ఎనిమిది వారాల చిల్లరకు ఒక వారం జీతం వదులుకున్నట్టు. వాళ్ల బండి తోలుతూ ఏబీఎన్ అడిగితే పనివాళ్ల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ వాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి. తెలుగులో మాట్లాడటానికి దుబాసీని కూడా ఇస్తారు.

ఒంటి సంగతి రెండు ముక్కలు. పెద్ద లారీ తోలేవాడి రక్తంలో మందు సున్నా ఉండాలి, శనివారం రాత్రి పార్టీ లెక్క ఆదివారం పొద్దుటి షిఫ్ట్‌లో తేలుతుంది. మన వాళ్లకు షుగర్ తొందరగా వస్తుంది. మందులు మొదలుపెడితే లైసెన్స్ వాళ్లకు చెప్పి డాక్టర్ రిపోర్టులు ఇస్తూ ఉండాలి, దాచిపెడితే రేపు ఏదన్నా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది. నేను ఇంట్లోంచి పెరుగన్నమో పులిహోరో పట్టుకెళ్తాను. సైటు క్యాంటీన్ బండిలో దొరికే పైలూ చిప్సూ అయిదేళ్లు తిని పన్నెండు కిలోలు పెరిగాక చేసుకున్న ఏర్పాటిది.

"ఇంట్లో ఏం చెప్పాలన్నా?" అని ముగ్గురిలో ఒకడు అడిగాడు. బీటెక్ చేసి లారీ తోలుతున్నానంటే అమ్మ ఊళ్లో తలెత్తుకోలేదంట. మా అమ్మకు నేను ఏడేళ్లు "ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో" అనే చెప్పాను. మొన్నామధ్య ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఆదివారం యార్డుకు తీసుకెళ్లాను. సోమవారం తెల్లారగట్ట పోవాల్సిన డోజర్ అప్పటికే ఎక్కించి ఉంది. నేను చుట్టూ తిరిగి ఒక్కో గొలుసూ చేత్తో లాగి చూస్తుంటే కొంగు పట్టుకుని కాసేపు చూసింది.

"క్లీనర్ ఏడిరా?"

"లేడమ్మా. నేనే."

"మరి వాడి జీతం కూడా నీకే ఇస్తారా?"