జెస్సీ గొంతు ఎవరిది?

ప్రశ్న: సమంత మోడలింగ్ నుంచి వచ్చారు కదా. ఆమె మొదటి సినిమా ‘ఏ మాయ చేసావె’ కాదని, అందులో గొంతు కూడా ఆమెది కాదని మా చెల్లి వాదిస్తోంది. నిజమేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ చెల్లెలే గెలిచింది, కాకపోతే చిన్న మెలికతో. చెన్నై స్టెల్లా మేరిస్ కాలేజీలో చదివిన సమంత మోడలింగ్ చేస్తుండగా ఛాయాగ్రాహకుడు రవి వర్మన్ చూసి, తన దర్శకత్వంలోని తమిళ చిత్రం ‘మాస్కోవిన్ కావేరి’కి తీసుకున్నారు. అది ఆలస్యమై 2010 ఆగస్టులో వచ్చింది. ‘ఏ మాయ చేసావె’ అదే ఏడాది ఫిబ్రవరి 26నే వచ్చేసింది. సంతకం ముందు దానికి, విడుదల ముందు దీనికి!

‘ఏ మాయ చేసావె’లో సమంత పాత్ర పేరు జెస్సీ. ఆ గొంతు గాయని చిన్మయిది. సినిమాల్లోకి వచ్చే మోడళ్లకు అసలు చిక్కు ఇంకోటుంది. ఫొటోలో చూపు చాలాసార్లు తిన్నగా లెన్సులోకే ఉంటుంది. సినిమాలో అలా చూస్తే ఆ టేకు పోయినట్టే. చూపు ఎదుటి నటుడి మీదుండాలి, నేల మీద గుర్తు పెట్టిన చోటే ఆగాలి, కిందికి మాత్రం చూడకూడదు. జెస్సీ కళ్లు ఓసారి గమనించండి, ఆ తడబాటు ఎక్కడా కనిపించదు. సమంత సొంత గొంతు కోసమైతే ‘మహానటి’ (2018) చూడండి.